పాలు పితికేవాని నడుము

వేకువ మూడున్నర గంటలకు జంషెడ్‌పూర్ నగరంలో రెండు తరగతుల శ్రామికులు మేలుకొని ఉంటారు. ఒక తరగతివారు ఉక్కు కర్మాగారంలో రాత్రి షిఫ్టు నడుపుతున్నవారు. వారి తలమీద గట్టి టోపీ, కాళ్లకు ఇనుపమొన బూట్లు; ఏ గంటకు పని ముగుస్తుందో వారికి తెలుసు. రెండవ తరగతివారు జుగ్‌సలాయి, బాగ్‌బేడా వంటి బస్తీలలో, అక్కడివారు 'ఖటాల్' అని పిలిచే పశువుల కొట్టాలలో, ఒంటి బల్బు వెలుతురులో గేదెల పక్కన గొంతుక్కూర్చున్నవారు. వారి పాదాల కింద పేడ, మూత్రం కలిసిన తడి. మోకాళ్ల నడుమ తపేలా. తలకు జానెడు దూరంలో 500 కిలోల జంతువు. వీరు పితికిన పాలు క్యాన్లకెక్కి, సైకిళ్లమీద, మోటారు సైకిళ్లమీద తెల్లవారేసరికి వీధి వీధికీ చేరుతవి. షిఫ్టు దిగి ఇల్లు చేరిన కార్మికుడు తాగే తొలి చాయ్ ఆ పాలతో కాచినదే కావచ్చును.

ఈ రెండు పనిచోట్ల నడుమ దూరం మైలో, రెండు మైళ్లో. కాని శ్రామికుని దేహాన్ని గురించిన ఆలోచనలో మాత్రం వాటి నడుమ వంద సంవత్సరాలకు పైబడిన ఎడమున్నది.

టాటా ఉక్కు కంపెనీ 1907లో నమోదై, మరుసటి సంవత్సరం సాక్చీ గ్రామం వద్ద నిర్మాణం ఆరంభించినది. 1912లో ఇక్కడ తొలి ఉక్కు దిమ్మె తయారైనది. ఆ సంవత్సరమే ఎనిమిది గంటల పనిదినం అమలులోకి వచ్చినది. 1915లో ఉచిత వైద్యం. 1920లో జీతంతో సెలవు, భవిష్యనిధి, పనిలో దెబ్బ తగిలినవారికి నష్టపరిహారం. ప్రమాద పరిహారాన్ని గురించి దేశంలో చట్టం వచ్చినది 1923లో మాత్రమే. వారానికి 48 గంటల హద్దు విధించిన ఫ్యాక్టరీల చట్టం 1948 నాటిది. సాక్చీకి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టిన 1919 నాటికే ఈ ఊరు ఒక విషయం గ్రహించినది: మనిషి నడుము కూడా యంత్రంలో ఒక భాగమే, దానికీ అరుగుదల ఉన్నది. ఈ హక్కులన్నీ యాజమాన్యం దయవల్లనే వచ్చినవని అనుకోరాదు. 1920లలో ఇక్కడ జరిగిన సమ్మెలు, 1928 నుంచి కొన్నేళ్లు కార్మిక సంఘానికి సుభాష్ చంద్ర బోస్ వహించిన అధ్యక్షత ఈ కథలో భాగమే.

ఆ కర్మాగారం కట్టడానికి వచ్చినవారిలో తెలుగువారు అనేకులు. ఆనాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల పల్లెల నుంచి బెంగాల్ నాగపూర్ రైలుమార్గం వెంబడి వచ్చి, తరువాతి కాలంలో టాటానగర్ అయిన కాళీమాటి స్టేషనులో దిగినారు. నిన్నటివరకు నాగలి పట్టిన చేతులు, గొడ్లను తోలిన చేతులు ఇక్కడ పార పట్టినవి. 'రేజా' అని పిలువబడిన స్త్రీ కూలీలు తట్టలతో మట్టి, రాయి, బొగ్గు మోసినారు. ఆ కుటుంబాల మూడవతరం, నాలుగవతరం వారు నేడు ఇంజనీర్లు, గుమాస్తాలు, ఉపాధ్యాయులు. వారి తాతలు ఊళ్లో వదలివచ్చిన పశువుల పని మాత్రం ఈ నగరంలో అంతరించలేదు; ఎక్కువగా బీహారు, తూర్పు ఉత్తరప్రదేశ్ పల్లెల నుంచి వచ్చిన కుటుంబాల చేతికి మారినది. పని మారలేదు. పేడ తట్ట అదే, పలుపు అదే, నడుము వంచే తీరు అదే.

టన్ను లెక్క

పది గేదెలున్న ఒక కొట్టాన్ని తీసుకొందాము. పాలిచ్చే గేదెకు రోజుకు 25 కిలోల పచ్చిగడ్డి కావాలి. పదింటికి 250 కిలోలు. ఒక్కొక్కటి సుమారు 15 కిలోల పేడ వేస్తుంది. అది 150 కిలోలు. తాగే నీరు తలకు 50 లీటర్లు అనుకొన్నా 500 కిలోలు. కడిగే నీరు ఇందులో చేరలేదు. ఎనిమిదేసి లీటర్ల చొప్పున పాలు 80 లీటర్లు. మొత్తం కూడితే రోజుకు దాదాపు ఒక టన్ను. కుళాయి గొట్టం తొట్టివరకు రాని కొట్టంలో ఈ టన్ను యావత్తూ ఒకరిద్దరు మనుషుల చేతులమీదుగా సాగుతుంది. గడ్డి మోపు దింపి, కత్తిరించి, మళ్లీ గంపకెత్తి తొట్లలో వేయాలి గనుక కొంత బరువు రెండుసార్లు, మూడుసార్లు లేస్తుంది. ఆవుకు ఆదివారం లేదు. సంవత్సరంలో 365 టన్నులు.

పాల క్యాను సంగతి ప్రత్యేకంగా చెప్పవలసినది. 40 లీటర్ల క్యానులో పాలే 41 కిలోలుంటవి. పాత్ర బరువు కూడితే 50 కిలోలకు అటూ ఇటూ. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ 1990లలో సవరించిన సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు, అంటే బరువు దేహానికి ఆనుకొని, నడుము ఎత్తులో, మెలి తిరగకుండా ఎత్తగలిగినప్పుడు ఒక మనిషి ఎత్తదగిన హద్దు 23 కిలోలు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన సిఫారసు మరింత ఉదారమైనది: వయోజన పురుషునికి 55 కిలోలు మించరాదన్నది. ఆ సంవత్సరమే చేసిన గరిష్ఠ భారాల ఒడంబడికను భారతదేశం 2010లో ఆమోదించినది. 50 కిలోల క్యాను ఆ హద్దులోపలే ఉన్నదని ఎవరైనా వాదింపవచ్చును. కాని ఆ క్యానును ఎత్తేది చదునైన నేలమీద కాదు. పేడనీటితో జారే నేలమీద, ఒక పక్కకు ఒరిగి, సైకిలు చట్రానికి కట్టిన కొక్కేనికి తగిలించడానికి.

నడుము ఎందుకు విరుగుతుందో ఉక్కు నగరంలో చెప్పడం సులభం. గడ్డపారతో రాయి పెకలించిన ప్రతివానికీ ఈ లెక్క తెలుసు. గడ్డపారకు పొడుగు చేయి ఎటున్నదో బలం అటున్నది. మనిషి ముందుకు వంగి 20 కిలోల పేడతట్టను వెన్నెముకకు 40 సెంటీమీటర్ల దూరాన పట్టుకొన్నప్పుడు, దానిని నిలబెట్టవలసిన వెనుక కండరాలు వెన్నెముకకు సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో ఉన్నవి. పొడుగు చేయి బరువు పక్షాన ఉన్నది. కండరం లాగవలసినది 20 కిలోలు కాదు, దానికి ఎనిమిదింతలు. వంగిన పైదేహపు భారం వేరు. ఆ ఒత్తిడి అంతా నడుము అడుగున ఉన్న వెన్నుపూసల నడుమ మెత్తని బిళ్లలమీద పడుతుంది. అదే తట్టను పొట్టకు ఆనించి పట్టుకొంటే దూరం సగమవుతుంది, భారమూ సగమవుతుంది. కావడి, చుట్టకుదురు కనిపెట్టిన మన పూర్వులకు ఈ సూత్రం తెలియకపోలేదు. బరువు దేహపు నిట్టనిలువు రేఖమీద ఉండాలనేదే వాటి మర్మం. అయితే అవి మోయడానికి పనికివస్తవి గాని నేలమీది నుంచి ఎత్తడానికి సాయపడవు. దెబ్బ తగిలేది ఎక్కువగా ఎత్తేటప్పుడే.

పితకడం మరో తీరు కష్టం. ఇందులో బరువు లేదు, కదలిక లేకపోవడమే బాధ. పదేసి నిమిషాల చొప్పున పది పశువులు, రెండు పూటలు. అంటే రోజుకు మూడు గంటలకు పైగా మోకాళ్లు పూర్తిగా మడిచి కూర్చోవడం. చేతి సంగతి చూస్తే, చాలామంది బొటనవేలును లోపలికి మడిచి, దాని కణుపుతో చనును నొక్కి లాగుతారు. త్వరగా సాగినట్లుంటుంది గాని ఆ కణుపు కొన్నేళ్లకు వాచి వంకరపోతుంది. పశువు చను కూడా దెబ్బతింటుంది. అయిదు వేళ్లతో పిడికిలి బిగించి, పైనుంచి కిందికి వరుసగా నొక్కే పద్ధతిని పశువైద్య కళాశాలలన్నీ బోధిస్తున్నవి. మనిషికి మేలైన పద్ధతే పశువుకూ మేలైనది కావడం ఈ వృత్తిలో పదే పదే కనిపించే విశేషం.

కూర్చునే తీరుకు స్విట్జర్లాండు పాడి రైతులు పూర్వమే ఒక ఉపాయం కనిపెట్టినారు: ఒంటికాలి ముక్కాలిపీట! పేరు వింటే నవ్వు వస్తుంది. గుండ్రని చెక్కకు ఒకే ఒక కాలు. తోలుపట్టీతో నడుముకు కట్టి ఉంటుంది. పితికేవాడు లేచి మరో ఆవు దగ్గరికి నడిస్తే పీట అతని వెంటే తోకవలె పోతుంది. చేతులు ఖాళీగా ఉంటవి. అంత విచిత్రం మనకు అవసరం లేదు. జానెడున్నర ఎత్తుగల ఏ చెక్కపీట అయినా మోకాళ్లమీది భారాన్ని తగ్గిస్తుంది. కాని గేదె తన్నినపుడు గొంతుక్కూర్చున్నవాడే త్వరగా తప్పుకోగలడని పాతకాపులు అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అందువల్లనే పీట గురించి చెప్పేముందు తన్ను గురించి చెప్పవలసి ఉన్నది.

ఆవు చూసే లోకం

గుర్రం వెనక్కు తన్నుతుంది. ఆవు, గేదె అట్లా కాదు. కాలు ముందుకు లేచి, పక్కకు విసురుగా తిరిగి వెనక్కు పోతుంది. కనుక పక్కన కూర్చున్నవానికే ముప్పు. వెనుకకాలికి ఆనుకొని ఉన్నవానికి తగిలేది తోపు. మూరెడు దూరంలో ఉన్నవానికి తగిలేది దెబ్బ. దగ్గరగా ఉండడమే క్షేమమన్నది మొదట నమ్మశక్యంగా ఉండదు.

పశువు కళ్లు తలకు రెండు పక్కల ఉన్నవి. మెడ తిప్పకుండానే అది తన చుట్టూ 300 డిగ్రీలకు పైగా చూడగలదు. చూడలేనిది సరిగ్గా తన వెనుక భాగాన్ని మాత్రమే. ఆ గుడ్డిచోటు నుంచి మనిషి చప్పుడు లేకుండా వచ్చి చేయి వేస్తే అది అతణ్ణి మనిషి అనుకోదు, పులి అనుకొంటుంది. వెడల్పుగా చూసే ఆ కన్ను లోతును సరిగా అంచనా వేయలేదు. నేలమీద ఎండనీడల గీత, మురుగుకాలువమీది జాలీ, మెరిసే నీటిమడుగు, గాలికి ఊగే గోనెసంచి, ఇవన్నీ దానికి గోతులుగానో శత్రువులుగానో తోస్తవి. అది ఆగిపోతుంది. వెనుకనున్నవాడు తోక మెలిపెట్టి, కర్రతో బాది, పలుపు పట్టి లాగుతాడు. గాయాలు ఎక్కువగా అయ్యేది అటువంటి క్షణంలోనే. పలుపును అరచేతికి రెండు చుట్లు చుట్టుకొన్నవాని వేళ్లు ఆ క్షణంలో ఏమవుతవో చెప్పనక్కరలేదు.

ఈ విషయాన్ని శాస్త్రంగా మలచినవారిలో అమెరికాకు చెందిన టెంపుల్ గ్రాండిన్ ప్రసిద్ధురాలు. 1947లో పుట్టిన ఈమె ఆటిజంతో పెరిగిన మనిషి. చిన్నతనంలో మాటలు ఆలస్యంగా వచ్చినవి. తన ఆలోచన మాటలలో గాక బొమ్మలలో సాగుతుందని ఆమె స్వయంగా రాసుకొన్నారు. పశువులు ఒక దారిలో ఎందుకు మొరాయిస్తున్నవో తెలుసుకొనడానికి ఆమె ఆ దారిలోకి దిగి, పశువు కంటి ఎత్తులో వంగి చూసినారు. వేలాడుతున్న గొలుసు, నేలమీది నీడ, ఎదురుగా కొడుతున్న వెలుతురు ఆమెకు కనిపించినవి. వాటిని తొలగిస్తే కర్రతో పని లేకపోయినది. పశువు భుజం దగ్గర ఒక సరిహద్దు ఉన్నదని ఆమె బోధిస్తారు: మనిషి దానికి వెనుక నిలిచి ముందడుగు వేస్తే పశువు ముందుకు సాగుతుంది, దానికి ముందు నిలిస్తే వెనక్కు తగ్గుతుంది. మంద తోలిన మన పల్లె పిల్లలకు ఇది అలవాటుగా తెలిసినదే. తెలియనిదల్లా దానికి ఒక పేరు, పాఠ్యపుస్తకంలో ఒక చోటు ఉన్నవని.

భయపెట్టిన పశువు పాలు చేపదు. చేపు తెప్పించే హార్మోను పనిని భయంలో ఊరే హార్మోను అడ్డుకొంటుంది. కర్ర దెబ్బకు తపేలాలో పాలు తగ్గుతవన్నది లాభనష్టాల లెక్క. యజమానికి దయకన్న ఈ లెక్క త్వరగా బోధపడుతుంది గనుక దానినే ముందు చెప్పడం మంచిది.

జంషెడ్‌పూర్ చుట్టూ ఉన్న సంతాల్ తదితర ఆదివాసీల పల్లెలలో దీపావళి వెళ్లగానే సొహరాయి, బాందనా పండుగలు వస్తవి. పశువులను కడిగి, కొమ్ములకు నూనె రాసి, గోడలమీద బొమ్మలు వేస్తారు. మన కనుమ పండుగకు ఇది దగ్గరి చుట్టమే. పశువును ఒక్కరోజైనా దేవతగా చూసే ఆచారం ఇక్కడ ఉన్నది, మనకూ ఉన్నది. ఆ కొమ్ములకు నూనె రాసేవాని భుజం సంగతి అడిగే ఆచారం ఇంకా రెండుచోట్లా ఏర్పడలేదు.

వరుస తప్పని వైద్యం

కర్మాగారాలలో భద్రతా ఇంజనీర్లు పాటించే ఒక వరుస ఉన్నది. మొదట ప్రమాదాన్నే తొలగించాలి. అది వీలుకాకపోతే మనిషికి, ప్రమాదానికి మధ్య అడ్డు కల్పించాలి. అప్పటికీ మిగిలిన దానికే టోపీలు, చేతొడుగులు, హెచ్చరికల బోర్డులు. 'జాగ్రత్తగా ఉండు' అనే మాట ఆ వరుసలో అట్టడుగున ఉంటుంది. పశువుల కొట్టంలో మాత్రం నేటివరకు వినిపించేది ఆ ఒక్కమాటే. నడుము పట్టినవాడు 'ఎత్తడం చేతకానివాడు'. తన్ను తిన్నవాడు 'మచ్చిక తెలియనివాడు'.

ఆ వరుసనే కొట్టానికి తెచ్చి చూద్దాము. 40 లీటర్ల క్యాను స్థానంలో 20 లీటర్లవి రెండు పెట్టుకొంటే ఒక్కొక్కటి 25 కిలోల లోపు తూగుతుంది. ఎత్తే బరువు సగం ఒక్కరోజులో మాయమవుతుంది. సైకిలుకు రెండు పక్కల తూకం కూడా కుదురుతుంది. రెండు క్యాన్లంటే రెండుసార్లు నడవాలి గదా అని ఆక్షేపణ. నిజమే, ఆ అదనపు నడక నిమిషమో, అరనిమిషమో. క్యాను పెట్టడానికి మోకాలెత్తున ఇటుకల అరుగు కడితే నేలమీది నుంచి ఎత్తవలసిన పని తప్పుతుంది. తొట్టివరకు రబ్బరు గొట్టం వేస్తే టన్నులో సగం, అంటే నీటి బరువు మొత్తం, మనిషి చేతిమీది నుంచి తప్పుకొంటుంది. ఇంతటి ఫలం ఇచ్చే వస్తువు కొట్టంలో మరొకటి లేదు. పేడ ఎత్తడానికి పొడుగు కర్ర బిగించిన రేకు, ఒంటిచక్రపు తోపుడు బండి ఉంటే వంగడం చాలావరకు తగ్గుతుంది. భోపాల్‌లో 1976లో నెలకొల్పిన కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగు సంస్థ ఆధ్వర్యాన మన దేశపు రైతు కూలీల, ముఖ్యంగా స్త్రీల, శరీర కొలతలు సేకరించి, పనిముట్ల పిడులు ఎంత పొడుగు ఉండాలో నిర్ణయించే కృషి జరుగుతున్నది. ఇంగ్లండులోనో జపానులోనో కొలిచిన దేహానికి చేసిన పార సింగ్‌భూమ్ స్త్రీ చేతికి అమరదు గదా!

నేల మాటకు వస్తే, నునుపైన సిమెంటు శుభ్రంగా కనిపిస్తుంది గాని అదే పెద్ద శత్రువు. గార తడిగా ఉన్నప్పుడే గాళ్లు గీయడం, మూత్రపు కాలువ వైపు 40 నుంచి 60 అంగుళాలకు ఒక అంగుళం వాలు పెట్టడం చాలు. మనిషీ జారడు, పశువూ జారదు. జారని నేలమీద నిలిచిన గేదె తన్నడం కూడా తగ్గుతుంది, దాని కాళ్లకు భయం లేదు గనుక. అప్పుడు పీట వేసుకొని కూర్చోవడానికి పాతకాపులకూ అభ్యంతరం ఉండదు.

సూది వేయడానికి, కృత్రిమ గర్భధారణకు, గిట్టలు చెక్కడానికి నలుగురు మనుషులు కలిసి పశువును పడదోసి పట్టుకోవడం చాలాచోట్ల ఇంకా వాడుక. ప్రతి పశువైద్యశాల ముందరా కనిపించే చట్రం, నాలుగు స్తంభాలు, అడ్డగొట్టాలు, మెడకు కొయ్య, ఈ నలుగురి పనీ చేస్తుంది. వెదురుతోనైనా కట్టవచ్చును. ఉక్కు నగరంలో పాత పైపు ముక్కలకు కరవుండదనే అనుకోవాలి. పది కొట్టాలకు ఒక చట్రం చాలు.

ఒక హెచ్చరిక ఇక్కడ తప్పదు. పశువుల మధ్య పనిచేసేవాని నడుమునొప్పి అంతా బరువువల్ల వచ్చినదే కాకపోవచ్చును. బ్రూసెల్లోసిస్ అనే వ్యాధి పశువులలో ఈసుకుపోవడానికి, అంటే నెలలు నిండకుండా దూడ పడిపోవడానికి, కారణమవుతుంది. ఆ మాయను, పిండాన్ని వట్టి చేతులతో తీసినవానికి, పచ్చిపాలు తాగినవానికి అది సోకుతుంది. వచ్చి పోయే జ్వరం, రాత్రి చెమటలు, కీళ్లలో, నడుములో నొప్పి దాని లక్షణాలు. మాల్టా ద్వీపంలో 1887లో డేవిడ్ బ్రూస్ దాని క్రిమిని గుర్తించినాడు. 1905లో థెమిస్టోక్లిస్ జమ్మిత్ అది మేకపాల ద్వారా మనుషులకు వస్తున్నదని కనుగొన్నాడు. మన దేశంలో 2019లో ఆరంభమైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం కింద నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసు పెయ్యలకు టీకా వేస్తున్నారు. ఈత సమయంలో మోచేతివరకు తొడుగు, ఆ తరువాత సబ్బుతో చేతులు కడగడం, నెలలు తప్పిన పిండాన్ని సున్నం వేసి పూడ్చడం పనివాని రక్షణకు కావలసినవి. రోగి వైద్యుని వద్దకు వెళ్లినపుడు తాను పశువుల పని చేస్తానని ముందుగా చెప్పాలి. రోగిని పరీక్షించేటప్పుడు 'నీ వృత్తి ఏమిటి?' అని తప్పక అడగాలని ఇటలీ వైద్యుడు రమజ్జీనీ 1700 సంవత్సరంలోనే రాసినాడు. మన వైద్యశాలల రద్దీలో ఆ ప్రశ్న తరచు మరుగున పడిపోతున్నది.

ఇక మిగిలినది విశ్రాంతి. అలసిన కండరానికి మందు అదొక్కటే. కొట్టంలో దొరకనిదీ అదొక్కటే. ఖటాల్ యజమాని దుర్మార్గుడు కానక్కరలేదు. అనేక కొట్టాలలో అతడే పాలు పితుకుతాడు, అతని నడుమే నొస్తుంది. రెండు పూటలా పొదుగు ఖాళీ చేయకపోతే పశువుకు వాపు వస్తుంది, సెలవు ఎట్లా? ఆరు కొట్టాలవారు కలిసి ఏడవ మనిషిని ఒకణ్ణి పెట్టుకొన్నారనుకొందాము. సోమవారం ఒకరి బదులు, మంగళవారం మరొకరి బదులు, ఇట్లా అతడు ఆరు రోజులు పనిచేస్తాడు. ఏడవరోజు ఆరుగురూ ఎవరి కొట్టంలో వారుంటారు, అతడు విశ్రమిస్తాడు. ఏడుగురికీ వారానికొక సెలవు, ఖర్చు తలకు ఆరవ వంతు. కొత్త చేతికి గేదె చేపదని యజమానులు అంటారు. వారం వారం అదే మనిషి, అదే గొంతుతో పలకరిస్తూ, అదే పక్కనుంచి వస్తే నెలా రెండు నెలలలో ఆ చేయి దానికి కొత్త కాదు.